ఈ సైటు పుట్టుకతో వచ్చిందేనా?

గుడివాడ దాటి నందివాడ రోడ్డెక్కితే రెండు పక్కలా చేపల చెరువులే. ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతుంటాయి, గట్ల మీద కొంగలు కాపు కాస్తుంటాయి. ఒకప్పుడు ఇదంతా వరి. బుడమేరు కొల్లేటికి పోయే దారి కాబట్టి పాత ఇళ్ళన్నీ ఎత్తు అరుగుల మీదే కట్టారు. మీరు ఆగింది అలాంటి ఒక మండువా లోగిలి ముందు. చెప్పులు కింద విడిచి నాలుగు మెట్లెక్కితే వసారా, అది దాటితే మండువా, ఎడమ పక్క గదిలో పందిరి మంచం. మంచం మీద పాత దుప్పటి పరిచి ఉంది. దుప్పటి మీద రైఫిల్.

ఎన్నికల షెడ్యూలు వచ్చేసింది. లైసెన్సు తుపాకులున్న వాళ్ళు స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలని పోలీసులు చెప్పారు. రేపు పొద్దున్నే ఈ ఇంటి పెద్దాయన కూడా తీసుకెళ్ళి అప్పగిస్తారు. ఈలోగా ఒకసారి చూపించి రాయించుకుందామని బెజవాడ నుంచి లైసెన్సున్న రిపేరు మేస్త్రీని పిలిపించారు. రసీదులో నంబరు, బోరు, కంపెనీ పేరు ఉంటాయి గానీ గురి చూసే సైటు ఎలా ఉందో ఎవరు రాస్తారు? పెద్దాయన చాదస్తం అది, కానీ మంచి చాదస్తం.

మనవడు సెలవులకి అమెరికా నుంచి వచ్చాడు. అతని ఆలోచన వేరు. ముత్తాత రైఫిల్‌ని మళ్ళీ 'ఒరిజినల్'గా చేయించాలంటాడు. ఫోన్లో ఏవో ఇత్తడి గుండున్న సైట్లు చూపిస్తున్నాడు. "చూడండి మేస్త్రి గారూ, అచ్చం పాతదాన్లాగే ఉంది. ఇది తెప్పించి బిగిస్తే సరిపోతుంది కదా?"

మేస్త్రీ ఫోను వంక చూడడు. రైఫిల్ అందుకుని మూతి గోడ వైపు తిప్పుతాడు, బోల్టు వెనక్కి లాగి చాంబర్లోకి చూస్తాడు, చిటికెన వేలు పెట్టి తడుముతాడు. మేగజైను తీసి పక్కన పెడతాడు. ఇవన్నీ అయ్యాకే కూర్చుంటాడు. ఆయన పక్కన కూర్చునే వాళ్ళెవరైనా ముందు నేర్చుకోవలసింది ఇదే.

"315," అంటాడు.

ఆ అంకె తెలియని తుపాకీ లైసెన్సుదారుడు మన దగ్గర ఉండడు. సైన్యం వాడే 303 తూటా మామూలు జనం చేతికి రాకూడదని తెల్లవాళ్ళు కట్టడి చేశారు. అందుకని సైన్యం రైఫిల్లో ఉండే లీ పద్ధతి బోల్టుతోనే, వేరే తూటాకి సరిపోయేలా, ఇండియా కోసమే 315 బోరు రైఫిళ్ళు చేశారు. బర్మింగ్‌హామ్ బి.ఎస్.ఎ. వాళ్ళు చేసి పంపారు, తరవాత బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసింది. పెద్ద బోర్లదీ ఇదే కథ. 450 బోరు ఇండియాలోకి రానివ్వమనేసరికి ఇంగ్లండు తుపాకీ కంపెనీలు ఒకరు 470, ఒకరు 465, ఇంకొకరు 476 అంటూ పరుగులు పెట్టాయి. ప్రపంచమంతా ఏనుగు తుపాకులని చెప్పుకునే ఆ బోర్లు ఇక్కడి కట్టడి వల్ల పుట్టినవే.

మీ ముందున్నది బి.ఎస్.ఎ. దే. మేస్త్రీ టార్చి వేసిన చోట చూడండి, మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టు చిన్న ముద్ర. బారెల్ మొదట్లో బర్మింగ్‌హామ్ పరీక్ష ముద్రలు, కిరీటం కింద అక్షరాలు. ఇవి తుపాకీ ఎవరిదో చెబుతాయి. సైటు ఎవరిదో చెప్పవు. సైటు సంగతి సైటునే అడగాలి.

"ముందు వెనకది చూద్దాం," అని మేస్త్రీ కంసాలులు కంటికి తగిలించుకునే అద్దం తీసి మీ చేతికిస్తాడు. "మీరే చూసి చెప్పండి."

అద్దంలోంచి చూస్తే బారెల్ మీద చిన్న దిమ్మె. దిమ్మె మీద నిలువుగా లేచిన ఒక ఆకు, దాని నడుమ వెడల్పాటి 'వి' ఆకారపు గాడి. దాని ముందు పడుకోబెట్టిన ఇంకో ఆకు, గోటితో లేపితే టక్కున నిలబడుతుంది. నిలువు ఆకు దగ్గరి గురికి, మడత ఆకు దూరం గురికి. ఆకు మీద చెక్కిన అంకె గజాల్లో ఉంది. ఇంగ్లండు సరుకుకి గజాలే ఉంటాయి. జర్మనీ, ఆస్ట్రియాల నుంచి వచ్చిన వాటి మీద మీటర్లుంటాయి. ఇంగ్లండు రైఫిల్ మీద మీటర్ల ఆకు కనబడితే అక్కడే ఆగి అడగాలి.

"మరలు చూడండి. గీత అంచులు ఎలా ఉన్నాయి?"

పదునుగా ఉన్నాయి. గీత లోపల పాత నూనె గట్టిపడి నల్లగా పేరుకుంది. స్క్రూడ్రైవరు జారిన గాటు ఒక్కటీ లేదు. ఖరీదైన లండన్ తుపాకుల్లో ఈ గీత వెంట్రుకంత సన్నగా ఉంటుంది, మరలన్నీ బిగించాక గీతలన్నీ బారెల్ పొడవునే నిలబడేలా కూర్చోబెడతారు. బజారు స్క్రూడ్రైవరు అందులో దూరదు. మేస్త్రీలు దానికోసం మొనలు అరగదీసుకుని పెట్టుకుంటారు. బి.ఎస్.ఎ. కి అంత సోకు లేదు, అది ఫ్యాక్టరీ సరుకు. కానీ తిప్పని మరకి తిప్పిన మరకి తేడా ఏ కంపెనీ అయినా ఒకటే. గీత మూలలు చెదిరి ఉంటే అక్కడ ఎవరో పని చేశారన్నమాట.

తరవాత రంగు. దిమ్మె రంగు, బారెల్ రంగు ఒకటేనా? పాత నల్లదనం తుప్పు పట్టించి, ఉడికించి, రుద్ది, మళ్ళీ తుప్పు పట్టించి రోజుల తరబడి తెచ్చింది. మెరుపు తక్కువ, లోతు ఎక్కువ. తరవాతి కాలంలో వచ్చింది కాస్టిక్ ద్రావణంలో వేడి మీద ముంచే పద్ధతి. అది తళతళలాడుతుంది, గట్టి ఉక్కు మీద ఒక్కోసారి నేరేడు పండు రంగుకి తిరుగుతుంది. పక్కపక్కనున్న రెండు ముక్కల్లో ఒకటి నలుపు, ఒకటి నేరేడు రంగు అయితే రెండూ ఒకే రోజు పుట్టలేదు. డబుల్ బారెల్ రైఫిళ్ళలో అయితే ఈ వేడి పద్ధతి అసలుకే మోసం. రెండు గొట్టాల మధ్య పట్టీని మెత్తటి టంకంతో అతికిస్తారు, కాస్టిక్ ఆ టంకాన్ని తినేస్తుంది. రంగు కొత్తదవుతుంది, పట్టీ ఊడొస్తుంది.

ఇక్కడ రెండూ ఒకే రంగు. దిమ్మె అంచు బారెల్‌ని తాకేచోట సన్నటి తుప్పు గీత, దశాబ్దాల తేమ. డెల్టాలో ఇనుము ఏదీ దీన్ని తప్పించుకోదు. పెద్దాయన తండ్రి రంగూన్ నూనె రాసేవారట, అది దొరకడం మానేశాక ఇంట్లో వాళ్ళు కొబ్బరి నూనె రాశారు. మేస్త్రీ మొహం చిట్లిస్తాడు. "కొబ్బరి నూనె జిగురైపోద్ది బాబుగారూ. సరే, దానివల్ల ఒక మేలు జరిగింది, మరలన్నీ అతుక్కుపోయి ఎవరూ తిప్పలేకపోయారు."

వెనక సైటు పుట్టుకతో వచ్చిందే. మనవడి మొహం వెలిగింది.

ఇప్పుడు ముందుది.

మూతి దగ్గర బారెల్ పూత పోయి తెల్లబడి ఉంది. తోలు సంచిలోంచి తీస్తూ పెడుతూ ఉంటే అక్కడే ముందు అరుగుతుంది. ఆ తెల్లటి చోట ఫోర్‌సైటు పలక మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది, ముసలాయన నోట్లో కట్టుడు పన్నులా. అద్దం అక్కర్లేదు, అనుమానం కంటితోనే వచ్చేస్తుంది. దాని కొసన తెల్లగా చుక్క. అదేమిటని మీరు అడిగేలోగా లోపల్నుంచి నానమ్మ గారే చెప్పేశారు: "నా గోళ్ళరంగే నాయనా. రాత్రిళ్ళు కనపట్టంలేదని మీ తాతయ్య పూశారు."

మేస్త్రీ నవ్వి సూదితో ఆ పలక పక్కన మురికి తీస్తాడు. పలక కింద దిమ్మె, దిమ్మెలో అడ్డంగా కోసిన డవ్‌టెయిల్ గాడి. పలక పక్క నుంచి అందులోకి దూరుతుంది. కుడి అంచున సుత్తి దెబ్బల చిన్న గుంటలు, తిన్నగా లేవు. ఫ్యాక్టరీలో గురి సరిచూశాక దిమ్మె మీద, పలక మీద కలిసేలా ఒకే ఉలి గీత కొడతారు. దాన్ని సాక్షి గీత అనుకోండి. దిమ్మె మీద ఆ గీత ఉంది. పలక మీద లేదు. గీతలో సగం బారెల్‌తో ఉండిపోయింది, రెండో సగం పోయిన పలకతో పోయింది.

"ఇంకా దగ్గరగా చూడండి, పలక మొదట్లో."

కంటి అద్దం ఆనించి ఊపిరి బిగబట్టి చూడండి. మొదట గీతలా ఉంటుంది. టార్చి పక్కకి వంచితే నీడ పడి ఆకారం తేలుతుంది: బాణం మొన. దాని పక్కన చిన్న అంకె. ఆ బాణం బ్రిటిష్ సర్కారు ఆస్తికి వేసే గుర్తు. సైన్యం 303 రైఫిళ్ళకి ఫోర్‌సైటు పలకలు రకరకాల ఎత్తుల్లో ఉండేవి, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన అంకె కొట్టేవాళ్ళు. గుండు పైకి పోతుంటే ఎత్తు పలక, కిందికి పోతుంటే పొట్టి పలక. రైఫిల్‌ని బట్టి ఆయుధాల మేస్త్రీ ఒకటి ఎంచి దూర్చేవాడు. షికారు కోసం అమ్మిన రైఫిల్‌కి సర్కారు బాణం ఉన్న పలక ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టరు. కింద అంచులు చూస్తే ఆకురాయి గీతలు కూడా ఉన్నాయి. ఈ గాడిలో పట్టేలా ఎవరో అరగదీశారు.

"అయితే డూప్లికేటా?" మనవడి గొంతు పడిపోయింది.

"అలా అనకండి. మార్చారు, అంతే."

అంతవరకు కుర్చీలో ఊరుకున్న పెద్దాయన అప్పుడు అందుకున్నారు. వాళ్ళ నాన్నగారు రంపచోడవరం అడవికి షికారెళ్ళొచ్చిన ప్రతిసారీ ఒకటే గొణుగుడట, "గుండు పైకి పోతోందిరా" అని. ఒక ఏడు వెళ్ళొచ్చాక ఆ గొణుగుడు మానేశారు. "ఎందుకు మానేశారో ఇవ్వాళ తెలిసింది."

ఈ డెల్టాలో రైఫిల్‌కి అసలు పనేముందని మీకు అనిపించవచ్చు. నిజమే, కొల్లేటి పరజలకి, ఉల్లంకి పిట్టలకి కావలసింది పన్నెండు బోరు గన్ను, రవ్వలు. దానికి మూతి మీద ఒక గుండు చాలు, వెనక సైటే ఉండదు. రైఫిలున్న మోతుబరులు దాన్ని పెట్టెలో పెట్టుకుని నూజివీడు వైపో, గోదావరి దాటి ఏజెన్సీకో వెళ్ళేవాళ్ళు. 1972 వన్యప్రాణి చట్టంతో ఆ షికార్లు ముగిశాయి. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. తుపాకీ మిగిలింది, దాని మీద మనుషులు చేసుకున్న మార్పులూ మిగిలాయి.

అలాంటి మార్పు ఇంకొకటి మేస్త్రీ చూపిస్తాడు. కర్ర అయిపోయే చోట బారెల్ చుట్టూ వెడల్పాటి పట్టీ లాంటి అరుగుదల. టార్చి లైటు బిగించే క్లాంపుది. రాత్రి మంచె మీద కూర్చునే వాళ్ళు టార్చిని బారెల్‌కే బిగించుకునేవాళ్ళు. సికింద్రాబాద్ దగ్గర బొల్లారంలో 1910లో పుట్టి, మన తిరుపతి పక్కన మామండూరు పులి కథ కూడా రాసిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్‌దీ అదే పద్ధతి. టార్చి వెలుగులో నల్ల సైటు కనబడదు. అందుకే గోళ్ళరంగు.

ఇదే ఇబ్బందికి ఖరీదైన కంపెనీలు ఫ్యాక్టరీలోనే మందు వేసేవి. వెస్ట్లీ రిచర్డ్స్ వాళ్ళ ఫోర్‌సైటుకి పగటికి సన్నటి గుండు ఉంటుంది, చీకటి పడితే గోటితో లేపుకునేలా పెద్ద తెల్ల గుండు ఇంకొకటి మడిచి ఉంటుంది. ఆ తెల్ల గుండు దంతంతోనో ఎనామిల్‌తోనో చేసింది. వెనక ఆకు మీద 'వి' కింద సన్నటి ప్లాటినం గీత పొదుగుతారు, మసక వెలుగులో కంటికి దారి చూపడానికి. ఈ గీత ఉందంటే పాతదేననుకోకూడదు, తరవాత వెండి తీగ కొట్టిన వాళ్ళూ ఉన్నారు. వెండి నల్లబడుతుంది, ప్లాటినం నల్లబడదు. అంకెలు కూడా చూడాలి. చేత్తో చెక్కిన 2కి తోక సన్నమై ముగుస్తుంది. అచ్చుతో కొట్టిన 2కి అంతా ఒకటే లోతు.

మనవడు ఊరుకోలేదు. తెలివైనవాడే. "కంపెనీ పేరు చూస్తే తెలిసిపోదా? రైఫిల్ ఒక కంపెనీది, సైటు ఇంకో కంపెనీది అయితే బయటిదేగా?"

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. అమెరికాలో లైమన్ అనే కంపెనీ ఉంది, కనెక్టికట్ రాష్ట్రంలో. సైట్లకి పేరున్న కంపెనీ అది. విలియం లైమన్ కంటి దగ్గర చిన్న రంధ్రంలోంచి చూసే సైటుకి 1879లో పేటెంటు తీసుకున్నాడు. వించెస్టర్ రైఫిల్ కొనేవాళ్ళు ఆ లైమన్ సైటు కావాలని ఫ్యాక్టరీకే ఆర్డరు రాసేవాళ్ళు, ఫ్యాక్టరీయే బిగించి పంపేది. ఆండర్సన్ మోసిన 405 బోరు వించెస్టర్ 1895 మోడల్‌కి కూడా లైమన్ 21 నంబరు సైటు అలా పెట్టించుకోవచ్చు. అదే సైటుని కొన్నేళ్ళ తరవాత ఊళ్ళో మేస్త్రీ చేత పెట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు. సైటు మీద పేరు రెండింటికీ ఒకటే. తేడా చెప్పేది రంధ్రాలు, రంగు, కాగితం. ఫ్యాక్టరీ రంధ్రం లోపలి అంచు వరకు పూత ఉంటుంది, ఎందుకంటే రంధ్రం ముందు, పూత తరవాత. ఊళ్ళో వేసిన రంధ్రం అంచున తెల్ల ఇనుము కనబడుతుంది. వించెస్టర్ పాత రికార్డులు వయోమింగ్‌లోని కోడీ మ్యూజియంలో ఉన్నాయి. హాలండ్, రిగ్బీ, వెస్ట్లీ రిచర్డ్స్ లాంటి ఇంగ్లండు కంపెనీల వాళ్ళు నంబరు వారీగా పద్దు పుస్తకాలు దాచుకున్నారు. నంబరు రాసి పంపితే ఏ రోజు, ఎలాంటి రైఫిల్ బయటికెళ్ళిందో వెతికి పెడతారు. దాని ముందు మన కళ్ళజోళ్ళన్నీ దిగదుడుపే.

రంధ్రాల మాట రాగానే మేస్త్రీ రైఫిల్‌ని ఎడమ పక్క పైకి వచ్చేలా పడుకోబెడతాడు. బోల్టు ఉండే ఇనుప దిమ్మె పక్కన రెండు చిన్న మరలు. అవి దేన్నీ పట్టుకోలేదు. రంధ్రాలు మూయడానికే పెట్టిన మరలవి. వాటి చుట్టూ బొటనవేలంత చోట మిగతా దిమ్మె కన్నా నలుపు కాస్త చిక్కగా ఉంది. అక్కడేదో ముక్క చాలాకాలం కూర్చుని లేచిపోయింది, దాని కింద పూత ఎండకి, చెమటకి దొరక్కుండా నిలిచింది. రంధ్రంలోంచి చూసే సైటు ఒకటి ఇక్కడ ఉండేదన్నమాట. పెద్దాయనకి అది గుర్తు లేదు. నానమ్మ గారికి ఉంది: "చక్రంలాగా ఉండేది. మీ పెద్దనాన్న ఆడుకుంటూ పారేశాడు."

మనవడు చివరి ప్రశ్న అడిగాడు. "పోనీ టెలిస్కోపు పెట్టిస్తే?"

"పెట్టొచ్చు బాబూ. పైన ఇంకో నాలుగు రంధ్రాలు వెయ్యాలి. వేశాక పూడ్చలేం." మేస్త్రీ గొంతులో కోపం లేదు గానీ చెయ్యి మాత్రం రైఫిల్ మీదే ఉంది. "అయినా ఇక్కడ నేను మర కూడా తిప్పను. పనంటే లైసెన్సున్న షాపులోనే, పద్దులో రాసే."

ఆయన చెప్పింది చట్టం మాటే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ బాగుచెయ్యడానికి కూడా లైసెన్సు ఉండాలి. 2019 డిసెంబరు సవరణ తరవాత మనిషికి రెండు తుపాకులే, మూడోది ఉన్నవాళ్ళు ఏడాదిలోగా అప్పగించాలన్నారు. ఈ ఇంట్లో పన్నెండు బోరు డబుల్ బారెల్, ఈ 315 ఉన్నాయి, సరిపోయింది. మూడున్నవాళ్ళు ఏ రెండు ఉంచుకోవాలో తేల్చుకోవలసి వచ్చింది.

మేస్త్రీ కాగితం తీసి రాస్తున్నాడు. వెనక సైటు అసలుది, మరలు కదపలేదు. ముందు పలక మార్చినది, మిలటరీది, సర్కారు బాణం గుర్తుంది. ఎడమ పక్క రెండు రంధ్రాలు, మరలతో మూసినవి. బారెల్ మీద క్లాంపు అరుగుదల. గోళ్ళరంగు సంగతి రాయాలా వద్దా అని ఒక క్షణం ఆగి అదీ రాశాడు.

నా తీర్పు అడిగితే ఈ రైఫిల్‌ని ఇలాగే ఉంచాలి. ఫోన్లో దొరికే ఇత్తడి గుండు పెడితే ఇది అసలుది కాదు, పాతదాన్ని తలపించే కొత్తది అవుతుంది. మార్చిన పలక కనీసం ఈ రైఫిల్‌తో అడవి తిరిగింది. నిజంగా అసలు పలకే కావాలంటే అదే కంపెనీ, అదే కాలం ముక్క దొరికే దాకా ఆగాలి, దొరికాక కూడా తీసిన పలకని పారెయ్యకూడదు.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే లైసెన్సు ఎవరి పేరున ఉందో ముందు చూడండి. లైసెన్సుదారు పోయి ఉంటే వారసులు దాన్ని బీరువాలో ఉంచుకోకూడదు, డిపాజిట్ చేసి తమ పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ తరవాత సైట్లకి పక్క నుంచి వెలుగు పడేలా దగ్గరగా ఫొటోలు తీసి, నంబరుతో సహా కాగితం మీద రాసి పెట్టండి. ఉప్పుకాగితం, బ్రాస్సో, ఆకురాయి దాని దరిదాపులకి రానివ్వకండి. ఎప్పుడైనా ఇంకో లైసెన్సుదారుకి అమ్మవలసి వస్తే ఏది అసలుదో, ఏది మార్చినదో రాసి సంతకం పెట్టి ఇవ్వండి.